పెద్దవాళ్లకు చదువు చెప్పాలంటే: మన గోదావరి ఊళ్లలో సాయంత్రం క్లాసు నడిపే పద్ధతి

ఊళ్లో పెద్దవాళ్లకు క్లాసు పెడదామని అనుకోగానే చాలామంది ముందు పలకలు కొంటారు, తర్వాత బ్యానర్ కట్టిస్తారు. ఈ రెండూ ప్రస్తుతానికి ఆపండి. ముందు ఓ పదిళ్లకు వెళ్లి అరుగు మీద కూర్చోండి. ప్రతి ఇంట్లోనూ పెట్టె అడుగునో బీరువా పైనో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఆధార్, రేషన్ కార్డు, డ్వాక్రా పాసుపుస్తకం, ధాన్యం తోలిన కాగితం, ఆసుపత్రి చీటీ, డైలీ ఫైనాన్సు వాడిచ్చిన కార్డు, అన్నీ కలిసి ఉంటాయి. "పిన్నిగారూ, ఇందులో ఏది చదవడం వస్తే మీకు పని సులువవుతుంది?" అని అడగండి. ఆవిడ తీసి చూపించిన కాగితమే మీ మొదటి పాఠం. పది మంది చూపించిన కాగితాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే మూడు నెలల సిలబస్ తయారైనట్టే.

"చదువుకుంటారా?" అని మాత్రం అడగకండి. "ఇప్పుడెందుకులే బాబూ, కాటికి కాళ్లు చాపుకున్నాం" అంటారు. ఆ మాటకు జవాబు చెప్పడం కష్టం. కాగితం గురించి అడిగితే ఆ మాటే రాదు.

అక్షరాస్యత విషయంలో మన జిల్లాలు మెరుగే అనుకుంటాం. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ గోదావరిలో అక్షరాస్యత 74.63 శాతం, తూర్పు గోదావరిలో 70.99 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67.02 కంటే ఎక్కువే. అయినా పశ్చిమలో ఏడేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి చదవడం రాదని ఆ లెక్కే చెబుతోంది. సంతకం నేర్చుకుని అక్కడే ఆగిపోయినవాళ్లు వీళ్లకు అదనం. వాళ్లనూ పిలవండి. క్లాసుకు రావడానికి ఎక్కువ మొహమాటపడేది వాళ్లే, ఊళ్లో వాళ్లకు చదువొచ్చినట్టు లెక్క కాబట్టి.

చోటు, వేళ

చోటు దగ్గరే సగం క్లాసులు పోతాయి. రామాలయం మంటపంలో పెడితే పేటవాళ్లు, అంటే దళితవాడవాళ్లు, రారు. చర్చి హాల్లో పెడితే ఊళ్లోవాళ్లు రారు. ఎవరూ పైకి ఏమీ అనరు, రారంతే. అంగన్‌వాడీ కేంద్రం, బడి వరండా, పంచాయతీ ఆఫీసు లాంటి అందరిదీ అయిన చోటు చూడండి. అదీ కుదరకపోతే పేటలోనే పెట్టి ఊళ్లోవాళ్లను అక్కడికి రమ్మనండి. నన్నడిగితే ఈ రెండోదే మంచిది. పేటలో పెట్టిన క్లాసుకు ఊళ్లోంచి ఇద్దరే వచ్చినా నష్టం లేదు. చదువు అవసరం ఎక్కువ ఉన్నవాళ్లు మానేస్తేనే నష్టం.

ట్యూబ్‌లైటు, ఫ్యాను, చాప, ఒక నల్లబల్ల చాలు. దోమల సంగతి మర్చిపోకండి. కాలువ గట్టున ఏడు దాటితే కూర్చోలేం. ఓ దోమల చక్రం వెలిగించి మొదలుపెట్టండి. కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్న ఊరివాళ్లు ఫ్యాను ఇస్తామంటే పుచ్చుకోండి. ప్రారంభోత్సవం పెడతామంటే మాత్రం మెల్లగా తప్పించుకోండి. స్టేజీ మీద "నిరక్షరాస్యులు" అని పిలిపించుకున్న మనిషి మళ్లీ ఆ గుమ్మం తొక్కదు.

వేళ మన చేతిలో లేదు, పొలం చేతిలో ఉంది. సార్వా (వానాకాలం పంట) ఊడ్పులు జులై, ఆగస్టు. కోతలు నవంబరు, డిసెంబరు. సంక్రాంతికి అటూ ఇటూ దాళ్వా (రెండో పంట) నాట్లు, ఏప్రిల్లో కోతలు. ఈ రోజుల్లో క్లాసుకు ఎవరూ రాలేరు, వచ్చినా కూర్చున్నచోటే కునుకు తీస్తారు. అందుకని క్లాసును ఏడాది పొడవునా లాగొద్దు. సెప్టెంబరు, అక్టోబరు ఒక విడత, ఫిబ్రవరి, మార్చి ఒక విడత, కాలువలు కట్టేశాక మే నెలలో ఇంకో విడత. లంక గ్రామాల్లో అయితే సెప్టెంబరును కూడా నమ్మలేం, వరదను బట్టి చూసుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లకు లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు దొరికేది అప్పుడే. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మంచి వేళ. రొయ్యల షెడ్లకు వెళ్లేవాళ్లకు షిఫ్టు ఏ పూట పడుతుందో ముందు తెలీదు, వాళ్లు ఎప్పుడు వస్తే అప్పుడే చెప్పాలి.

గంటన్నరకు మించొద్దు, వారానికి నాలుగు రోజులు చాలు. ముఖ్యమైన సంగతి ఇంకొకటి: ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తవ్వాలి. నిన్న మానేసిన మనిషికి ఇవాళ అర్థం కాకపోతే రేపు కూడా మానేస్తుంది. హాజరు రాసుకోండి గానీ పైకి చదవకండి. "మొన్న రాలేదేంటండీ" అని అడగడం కూడా వద్దు. పెళ్లో, చావో, జ్వరమో, ఏదో ఒకటి ఉంటుంది. వచ్చినరోజు చాప ముందుకు జరపండి, చాలు.

పలక కంటే ముందు కళ్లు

నలభై దాటినవాళ్లలో చాలామందికి చత్వారం ఉంటుంది. పుస్తకం దగ్గరగా పెడితే అక్షరం అలుక్కుపోతుంది. "నా బుర్రకెక్కదండీ" అంటే చాలాసార్లు ఆవిడకు కనబడట్లేదని అర్థం. మొదటి రోజే సూదిలో దారం ఎక్కించమనండి. చేయి చాపి దూరంగా పట్టుకుని ఎక్కించబోతున్నారంటే సంగతి తెలిసిపోతుంది. ఏరియా ఆసుపత్రికో కంటి శిబిరానికో పంపించి అద్దాలు వచ్చాక అక్షరాలు మొదలుపెట్టండి. ఈలోగా మీరు రాసేదేదైనా బొటనవేలంత అక్షరాల్లో, మందపాటి స్కెచ్ పెన్నుతో రాయండి.

పిలుపు గురించి రెండు మాటలు. మీ ముందు కూర్చున్నది మీ మేనత్తో, మీ నాన్నగారి ఈడు మనిషో. బయట ఎలా పిలుస్తారో క్లాసులోనూ అలాగే పిలవండి: అత్తయ్యగారూ, బాబాయ్, అక్కా. వయసులో చిన్నవాళ్లయినా మీరు అనే అనండి. తప్పు దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను వద్దు, పక్కన సరిగా రాసి చూపించండి. మనవళ్లను సాయానికి కూర్చోబెట్టాలంటే ముందు ఆవిడను అడగండి. కొందరికి అది ముచ్చట, కొందరికి తలకొట్టేసినట్టు ఉంటుంది.

"అర్థమైందా?" అని అడగడం దండగ. గోదావరి మనిషి "ఆయ్" అంటాడు. అర్థమైనా అదే, కాకపోయినా అదే. "ఏదీ, ఒకసారి మీరు చేసి చూపించండి" అనండి.

పేరుతో మొదలు, ఏడు అక్షరాలతో దారి

మొదటిరోజు అందరూ అడిగేది ఒకటే, సంతకం. కాబట్టి పేరే నేర్పండి. "సత్యవతి"లో వత్తు ఉంది, "వెంకటలక్ష్మి"లో ఇంకా కష్టమైనది ఉంది అని ఆలోచించకండి. మొదట అది బొమ్మలాగే వస్తుంది. అట్టముక్క మీద పేరు పెద్దగా రాసి ఇవ్వండి, దాని మీద వేలుతో పదిసార్లు దిద్దించండి. కొడవలి పట్టిన చేతికి పెన్ను నిలవదు, అంత గట్టిగా పట్టుకుంటే కాగితం చిరుగుతుంది. ఆడవాళ్లయితే ముగ్గుపిండితో నేల మీద వేయించండి. మెలికల ముగ్గు వేసే చేతికి తెలుగు అక్షరాల వంపులు రెండో రోజుకే వచ్చేస్తాయి. మగవాళ్లకు గట్టు మీద తడి మట్టి, ఓ పుల్ల చాలు.

సంతకం రాగానే బ్యాంకుకు పరిగెత్తనివ్వకండి. ఒకసారి వేలిముద్ర మార్చి సంతకం ఇచ్చాక ప్రతిసారీ అలాగే పడాలి, లేకపోతే డబ్బు తీసుకునే దగ్గర ఇబ్బంది. నెల రోజులు రాసి, ఇవాళ్టి సంతకం, పది రోజుల కిందటి సంతకం పక్కపక్కన పెట్టి చూసుకుని అప్పుడు వెళ్లమనండి.

ఇక అక్షరాలు. అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెడితే "ఋ" దగ్గరకు వచ్చేసరికి క్లాసు సగం ఖాళీ అవుతుంది. అచ్చుల వరస పిల్లలకు పాటలా పనికొస్తుంది, పెద్దవాళ్లకు అంత ఓపిక ఉండదు. మన దగ్గర రోజూ వాడే మాటల్లో గుణింతం, వత్తు లేని మాటలు వెతకండి, ఒట్టి తలకట్టువి. నాలుగు మాటలు చాలు: పడవ, వరద, వల, మడవ (పొలంలోకి నీళ్లు వదిలే గండి).

వీటిలో ప, డ, వ, ర, ద, ల, మ అని ఏడు అక్షరాలున్నాయి. బల్ల మీద "పడవ" అని రాయండి. ముందు పడవ గురించి మాట్లాడించండి. ఏ రేవు, ఎవరి పడవ, వంతెన రాకముందు ఎలా దాటేవాళ్లు, ఇలా ఐదు నిమిషాలు. తర్వాత మాటను మూడు ముక్కలు చేసి చూపించండి. "ప", "వ" రెండూ ఒకేలా ఉన్నాయంటారు. ఒకే మాటలో ఉన్నాయి కాబట్టి తేడా అక్కడే చూపించండి: ఒకటి పైన తెరుచుకుని ఉంటుంది, రెండోది మూసుకుని ఉంటుంది. "డ", "ద" కూడా తికమక పెడతాయి, కాబట్టి "పడవ" చెప్పిన రోజు "వరద" చెప్పకండి, మధ్యలో "వల" పెట్టండి.

ఏడు అక్షరాలూ వచ్చాక వాటిని విడివిడిగా అట్టముక్కల మీద రాసి చాప మీద పరిచి వదిలేయండి. వాళ్లనే మాటలు కట్టమనండి. మర వస్తుంది, వడ వస్తుంది, మడ వస్తుంది, దడ వస్తుంది. ఎవరో ఒకరు నాలుగు ముక్కలు పేర్చి "పడమర" అని చదువుతారు. మీరు చెప్పని మాట తనంతట తాను చదివిన మనిషి మర్నాడు ఎవరూ పిలవకుండానే వస్తుంది. బ్రెజిల్లో పావులో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో కూలీలకు ఇదే దారిలో చదువు చెప్పాడు, వాళ్ల బతుకులోని మాటలతో. మన డెల్టాకు మన మాటలున్నాయి, ఎక్కడి నుంచో వాచకం తెచ్చుకోనక్కర్లేదు.

తర్వాతి మెట్టు గుణింతాలు. క కా కి కీ అని పాడించకండి. కాలువ, వరి, కూలి, చేప, గోదారి, ఒక్కో మాటతో ఒక్కో గుర్తు. ఆపైన సున్న: లంక, పంట, దింపు. చివర వత్తులు: కొబ్బరి, రొయ్య, అప్పు, బస్తా, వడ్డీ. ఖ, ఛ, ఝ, ఢ లాంటివి వాటంతట అవి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. "భ" మాత్రం త్వరగా అవసరమవుతుంది, భీమవరం బస్సు బోర్డు మీద మొదటి అక్షరమే అది. ఒకరోజు క్లాసు బస్‌స్టాండులోనే పెట్టండి. అమలాపురం, రాజోలు, రావులపాలెం, పాలకొల్లు. బోర్డు చదివినవాళ్లు చెయ్యెత్తాలి, బస్సు వెళ్లిపోయేలోపు. అంతకంటే మంచి పరీక్ష నాకు తెలీదు.

క్లాసులో ఓ పావుగంట మాటలకు వదలండి. పాఠంలోని మాట నుంచే మాట్లాడుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర కేంద్రాల ఆడవాళ్లు పాఠం చదివి సారా గురించి మాట్లాడుకున్న మాటలే సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరిపోశాయి, 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం దాకా వెళ్లాయి. మీ క్లాసు అంత దూరం పోకపోవచ్చు. కానీ "అప్పు" అనే మాట బల్ల మీద రాసిన రోజు చూడండి, మీరు ఆపమన్నా ఆపరు.

లెక్క వాళ్లకు వచ్చు, రాత రాదు

అంకెల దగ్గర తప్పుగా మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. రెండూ మూడూ ఎంత అని అడిగితే నవ్వుతారు. రొయ్యల షెడ్డుకు వెళ్లే మనిషికి 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, 100 కౌంటు అంటే చిన్నది అని తెలుసు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు, అంకె పెరిగేకొద్దీ సైజూ ధరా తగ్గుతాయి. అక్షరం రాకుండానే విలోమానుపాతం వచ్చేసిందన్నమాట. "100 కౌంటు రొయ్య ఒకటి ఎన్ని గ్రాములు?" అని అడగండి. నోటితో పది అంటారు. దాన్ని కాగితం మీద పెట్టడమే మీ పని.

రైతులకు, కౌలుదార్లకు ధాన్యం లెక్క. మన వైపు బస్తా అంటే 75 కిలోలు. మద్దతు ధర క్వింటాలుకు చెబుతారు, బేరం బస్తాకు సాగుతుంది, తికమకంతా అక్కడే. 2025–26లో సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు. ముప్పావు క్వింటాలుకు ఎంత? ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయించి 2369 కొట్టించి, 0.75తో గుణించమనండి: 1,776 రూపాయల 75 పైసలు. ఇప్పుడు మిల్లువాడు ఇచ్చింది పక్కన రాసి తీసివేయించండి. తేమ 17 శాతం దాటితే కోత పెడతారు కాబట్టి ఆ ధాన్యం కాగితంలో తేమ అంకె ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.

దశాంశం చెప్పడానికి వరదను మించిన పాఠం లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గోడ మీద స్కేలు గీసి ఈ మూడూ గుర్తు పెట్టించండి. టీవీలో 12.40 అని వస్తే అది ఎక్కడ పడుతుందో వాళ్లే వచ్చి చూపించాలి. లంకలో ఉండేవాళ్లు ఈ పాఠం ఒక్కసారికే పట్టుకుంటారు.

వడ్డీ లెక్కకు ఒక రోజు పూర్తిగా కేటాయించండి. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు శాతం, ఏడాదికి ఇరవై నాలుగు. ఇది చాలామందికి నోటికే వస్తుంది. డైలీ ఫైనాన్సు లెక్కే కనబడకుండా ఉంటుంది. కార్డు మీద పదివేలు రాసి, చేతికి తొమ్మిదివేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారనుకోండి. "వెయ్యేగా" అనిపిస్తుంది. వంద గడులు గీయించి ఒక్కొక్క గడి కొట్టేయించండి. యాభయ్యో రోజుకు ఐదువేలు వెనక్కి వెళ్లిపోయింది, చేతిలో మిగిలింది నాలుగువేలే, వడ్డీ మాత్రం మొత్తానికి పడింది. ఎవరి పేరూ ఎత్తకండి. ఆ ఫైనాన్సు ఇచ్చేవాడి బంధువు కూడా మీ క్లాసులో ఉండొచ్చు.

ఫోను

దీనికోసమే వచ్చేవాళ్లు ఉంటారు, ముందు దీన్నే నేర్పినా తప్పులేదు. తెలుగులో మైకు నొక్కి మాట్లాడి వెతకడం, ఫొటో పంపడం, వాట్సాప్‌లో వాయిస్ పెట్టడం ఒక రోజులో వస్తాయి. డబ్బు పంపడం మాత్రం మెల్లగా. పక్కపక్కన కూర్చున్న ఇద్దరితో ఒక్క రూపాయి అటూ ఇటూ పంపించండి. పంపే ముందు తెర మీద వచ్చే పేరును బయటికి చదివించండి, అక్షరాలు నేర్చుకున్నందుకు మొదటి లాభం అదే.

ఒక్క సంగతి వాళ్లు నిద్రలో అడిగినా చెప్పేలా చేయండి: యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి పిన్ కొట్టే పనే లేదు, క్యూఆర్ స్కాన్ చేసే పనీ లేదు. "డబ్బులు పడతాయి, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ. ఓటీపీ బ్యాంకువాళ్లమని చెప్పినా ఇవ్వకూడదు. మోసం జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరును ప్రతివాళ్ల ఫోన్‌లోనూ మీ ముందే సేవ్ చేయించండి. ఇవన్నీ చెప్పడం కంటే మీరే దొంగలా ఫోన్ చేసి నటించండి. నవ్వుతారు గానీ గుర్తుంటుంది.

ఆ తర్వాత కాగితం కావాలంటే

కొందరికి చదవడం వస్తే చాలు. కొందరికి సర్టిఫికెట్ కావాలి. 15 ఏళ్లు దాటిన చదువురాని వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ పథకం 2027 వరకు ఉంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కులు, మొత్తం 150కి పరీక్ష. చదువు చెప్పేవాళ్లు కూడా వలంటీర్లుగా నమోదు చేసుకోవచ్చు, జీతం ఉండదు. ఆ పరీక్షకు మీ వాళ్లను పంపండి, కానీ దానికోసమని బట్టీ పట్టించకండి.

చురుగ్గా ఉన్నవాళ్లను ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టించండి. 14 ఏళ్లు నిండితే చాలు, ఇంతకుముందు బడి మొహం చూడకపోయినా ఫర్వాలేదు. మన ప్రాంతంలో దీనికి ఇంకో కారణం ఉంది. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు మన దగ్గర ఎక్కువ. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి దేశం దాటే ముందు తనిఖీ కావాలని) అని పడుతుంది. దానితో కువైట్, ఒమన్, సౌదీ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. ఏజెంటు ఇవన్నీ చెప్పడు, "విజిట్ వీసా మీద పంపేస్తా" అంటాడు. అలా వెళ్లాలని చూస్తున్నవాళ్లు మీ క్లాసులో ఉంటే, పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం మూడూ తెచ్చి బల్ల మీద పెట్టమనండి. వీసా మీద "విజిట్" అని ఉందా "వర్క్" అని ఉందా చూడడానికి ఆ రెండు ఇంగ్లీషు మాటలు నేర్పండి, ఒక సాయంత్రం చాలు. జీతం ఎంత రాశారు, ఏ డబ్బులో రాశారు అన్నది ఒప్పందంలో వెతికించండి. జిరాక్సులు రెండు తీయించి ఒకటి ఇంట్లో ఉంచమనండి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనబడుతుంది. డబ్బు కట్టకముందే ఆ పేరును మీ ఫోన్‌లో వాళ్లచేతే టైపు చేయించి చూపించండి.